భయ మెవ్వరిది? — ‘మర్యాద రామన్న’ చిత్రమున గడప, కథనము, స్త్రీపురుష భేదము

ప్రస్తావన

మన లాక్షణికులు రసములను తొమ్మిదింటిని గుర్తించినను, వాని యన్నిటియందును సమానమైన ఆదరము చూపలేదు. శృంగార వీర కరుణములకు లభించిన విస్తారమైన చర్చ భయానకమునకు లభింపలేదు. కావ్యములందది సాధారణముగా ఒక ఘట్టమునకు పరిమితమైన అంగరసముగానే నిలిచినది. ఇరువదవ శతాబ్దమున చలనచిత్రము వచ్చిన పిమ్మట ఈ స్థితి మారినది. ఆరంభము మొదలు అంతమువరకు ప్రేక్షకుని భయమునందే నిలిపి, ఆ భయము తీరుటతోడనే కథ ముగియునట్టి ప్రక్రియ యొకటి యేర్పడి, సర్వదేశములందును జనాదరమును పొందినది. దానిని లోకము థ్రిల్లరని వ్యవహరించుచున్నది. ఈ వ్యాసమునందును ఆ పేరే వాడబడినది.

ఈ ప్రక్రియను గూర్చి విచారించువారు భయమునకు కారణమేమి, అది యెట్లు పోషింపబడినది అను రెండు ప్రశ్నలతో సాధారణముగా తృప్తిపడుచున్నారు. మూడవ ప్రశ్న యొకటి కలదు. ఆ భయ మెవ్వరిది? కథయందు భయపడుటకు అధికార మెవ్వరి కీయబడినది? ఎవ్వరి భయమును చూచి మనము కలతచెందుదుము, ఎవ్వరి భయమును చూచి నవ్వుదుము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో ప్రక్రియాలక్షణమును, కథనమును, స్త్రీపురుష భేదమును వేరువేరుగా విచారించుటకు వలనుపడదని తేలును.

ఇందులకు లక్ష్యముగా నేను గ్రహించినది 2010వ సంవత్సరమున వెలువడిన ‘మర్యాద రామన్న’. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వమున, సునీల్, సలోని, నాగినీడు ప్రధాన పాత్రధారులుగా, ఎం.ఎం. కీరవాణి సంగీతముతో వచ్చిన ఈ చిత్రమున కథాస్థలము రాయలసీమ. లోకమున ఇది హాస్యచిత్రముగా ప్రసిద్ధము. దాని లోపలి కట్టుబడి మాత్రము థ్రిల్లరుది. పురుషుని భయమును హాస్యముగా మాత్రమే చూపవలెనను కట్టుబాటును ఈ చిత్రము చాలవరకు సడలించినదనియు, తుదకు మరల దానికే లోబడినదనియు, ఆ సడలింపునకు మూల్యము చెల్లించినది నాయికయే యనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

భరతుని విభాగము

నాట్యశాస్త్రము ఏడవ అధ్యాయమున భరతుడు భయమను స్థాయిభావమునకు ఆశ్రయమును చెప్పుచు, అది స్త్రీలయందును నీచప్రకృతులయందును పుట్టునదని నిర్ణయించెను. ఉత్సాహము స్థాయిగా గల వీరమునకు ఆశ్రయము ఉత్తమప్రకృతి. గురువునెదుట, రాజునెదుట గొప్పవారును భయపడినట్లు కనబడుదురు గదా యను శంకకు ఆరవ అధ్యాయమున సమాధానము కలదు. అట్టి భయము కృతకము, వినయముచే అభినయింపబడునది. కావున నిజమైన భయము ఉత్తమపురుషునికి లేదు.

ఇంతవరకు పెక్కురు గమనించినదే. హాస్యప్రకరణమునందు చెప్పిన మాటను దీనితో కలిపి చూచినప్పుడు మరియొక విశేషము పొడగట్టును. హాస్యమును సైతము భరతుడు స్త్రీ నీచ ప్రకృతులయందే అధికముగా కనబడునదిగా చెప్పెను. అనగా భయానకమునకును హాస్యమునకును ఆశ్రయ మొక్కటియే. పైకి పరస్పరవిరుద్ధములుగా తోచు ఈ రెండు రసములు శాస్త్రదృష్టిలో ఒకే యింటి రెండు గదులు. ఒక గదినుండి మరియొక గదికి పోవుటకు అడ్డు లేదు. భయపడువాడు పురుషుడైనచో ఆ తలుపు మరింత సులభముగా తెరచుకొనును.

తెలుగు పాఠకునకు ఇందులకు నిదర్శనము దూరమున వెదకనక్కరలేదు. తిక్కన విరాటపర్వమున భయము రెండు తావుల ప్రధానముగా వర్ణింపబడినది. కీచకుని వలన ద్రౌపదికి కలిగిన భయ మొకటి. కౌరవసేనను చూచి ఉత్తరునికి కలిగిన భయ మొకటి. మొదటిది మన హృదయమును బరువెక్కించి, కీచకవధకు కారణమగును. రెండవది నవ్వు పుట్టించును. ప్రాణభయము ఇరువురికిని సత్యమే. ఐనను అంతఃపురకాంతల నడుమ ప్రగల్భములాడి, యుద్ధభూమిని చూచి రథము దిగి పరుగిడిన రాచబిడ్డని భయమును మనము భయముగా స్వీకరింపము. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రమున ఆ పాత్రను హాస్యనటుడైన రేలంగికి ఇచ్చుట ఈ సంప్రదాయమునకు అనుగుణమైన నిర్ణయము. ఆ రథమును నడపినవాడు బృహన్నల యనుటయు స్మరింపదగినదే. పురుషుడు భయపడినచోట స్త్రీరూపమున నున్నవాడు వీరుడయ్యెను; వీరత్వము బయటపడిన వెంటనే ఆ రూపమును విడువవలసివచ్చెను.

పాశ్చాత్యవిమర్శకులలో కారొల్ క్లోవర్ 1992లో ప్రకటించిన గ్రంథమున అమెరికాదేశపు భీతిచిత్రములను పరిశీలించి, దిక్కుతోచని భయమును ఆ చిత్రములు స్త్రీభావముగా భావించుచున్నవనియు, పురుషప్రేక్షకుడు తన భయమును స్త్రీపాత్ర ద్వారమున అనుభవించుచున్నాడనియు నిరూపించెను. భరతుడు విధిగా చెప్పినదానిని ఆమె ఆధునికవ్యాపారమున దోషముగా కనుగొన్నదనవచ్చును. కాలము, దేశము, ప్రయోజనము వేరైనను ఇరువురును చూచిన వస్తువొక్కటియే.

పదినిమిషముల కొలబద్ద

థ్రిల్లరు లక్షణమును దాని యత్యంత సంక్షిప్తరూపమున చూడగోరు విద్యార్థికి 1913 జూలైలో అమెరికాలో విడుదలయైన ‘సస్పెన్స్’ అను మూకీ లఘుచిత్రమును మించిన పాఠ్యము లేదు. నిడివి ఒక్క రీలు, సుమారు పదినిమిషములు. లోయిస్ వెబర్, ఫిలిప్స్ స్మాలీ యనువారు దర్శకులు. వెబర్ స్త్రీ, అందు ప్రధానపాత్రను ధరించినదియు ఆమెయే. 2020లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికయందు దీనికి స్థానము లభించినది.

కథ స్వల్పము. ఊరికి దూరముగా నున్న యింట పసిబిడ్డతో ఒక యిల్లాలున్నది. పనికత్తె యొకతె చెప్పకుండ, చీటి వ్రాసియుంచి, తాళపుచెవిని ద్వారమువద్ద పట్టక్రింద పెట్టి వెడలిపోవును. ఒక దేశదిమ్మరి ఆ యింటిని కనిపెట్టి లోనికి జొచ్చును. ఇల్లాలు పట్టణమున నున్న భర్తకు టెలిఫోను చేయును. మాటల నడుమ ఆ దిమ్మరి తీగను తెంచును. భర్త పరుల కారును అపహరించి ఇంటివైపు పరుగిడును. కారు యజమానియు పోలీసులును అతనిని తరుముదురు. కత్తి చేబూనిన దిమ్మరి మెట్లెక్కి పైకి వచ్చుచుండగా ఆమె గదిలో గడియ వేసికొనును. తుదకు భర్తయు పోలీసులును వచ్చి రక్షింతురు.

ఈ కథాబీజము వెబర్ కల్పించినది కాదు. ఆంద్రే ద లోర్డ్ 1901 నాటి ఫ్రెంచి నాటకమునందును, గ్రిఫిత్ 1909లో తీసిన ‘ది లోన్లీ విల్లా’యందును ఇట్టిదే కలదు. వెబర్ ప్రత్యేకత కథనమున నున్నది. తెరను త్రిభుజములుగా విభజించి, ఇల్లాలిని, దిమ్మరిని, భర్తను ఏకకాలమున చూపినది. మరియొక దృశ్యమున ఇల్లాలు మేడకిటికీనుండి క్రిందికి చూడగా, తలయెత్తి పైకి చూచు దిమ్మరి ముఖము మనకు కనబడును. అప్పుడు కెమెరా ఆమె కన్ను. ఆమె చూచినదానినే మనము చూతుము.

ఈ చిన్నచిత్రమునుండి మూడు కొలతలను గ్రహింపవచ్చును. మొదటిది గడప: ప్రమాదమునకును అభయమునకును నడుమ గీచిన గీత యెక్కడ నున్నది, దాని కావల నెవరు, ఈవల నెవరు? రెండవది ఎరుక: రానున్న ప్రమాద మెవ్వరికి ముందుగా తెలిసినది? మూడవది చూపు: ఎవరి కన్నులతో మనము కథను చూచుచున్నాము? ‘సస్పెన్స్’లో గడపకు లోపల నున్నది స్త్రీ, రక్షింప వచ్చువాడు పురుషుడు. ఇది పాత యేర్పాటే. ఐనను ఎరుకయు చూపును ఆమెకు దక్కినవి. ఆమె నిస్సహాయయే గాని అజ్ఞాని కాదు. ఈ భేదమును జ్ఞాపకమున నుంచుకొని మన సీమకు రావలెను.

సీమకథలు, వాని గడపలు

కడప యను పేరు గడపనుండి వచ్చినదనియు, తిరుమలకు పోవు భక్తులకు దేవుని కడప తొలిగడప యనియు ప్రసిద్ధి కలదు. శబ్దవ్యుత్పత్తి యెట్లున్నను ఆ భావము చక్కనిది. ఊరి పేరే ప్రవేశమును, ఆహ్వానమును సూచించుచున్నది. ఈ సీమకు చలనచిత్రములతో గల సంబంధమును కక్షలతో మొదలైనది కాదు. 1951లో ‘మల్లీశ్వరి’ని నిర్మించి దర్శకత్వము వహించిన బి.ఎన్. రెడ్డి కడపజిల్లా పులివెందుల ప్రాంతమువాడు. 1928లో నంద్యాల సభయందు దత్తమండలములను పేరు పోయి రాయలసీమ యను పేరు నిలిచిన పిమ్మట ఆ పేరు చిరకాలము గౌరవమునే సూచించినది.

గత శతాబ్దపు చివరి సంవత్సరములనుండి తెలుగు చిత్రములు ఆ పేరును వేరొక యర్థమున వాడసాగినవి. ‘ప్రేమించుకుందాం రా’ 1997లోను, ‘సమరసింహారెడ్డి’ 1999లోను, ‘నరసింహనాయుడు’ 2001లోను, ‘ఆది’, ‘ఇంద్ర’ 2002లోను వచ్చినవి. వేటకొడవళ్లు, నాటుబాంబులు, దుమ్ము రేపుచు వరుసగా పోవు సుమోలు ఈ చిత్రములకు వర్ణనాసామగ్రి యైనవి. కర్నూలుజిల్లా సిరివెళ్ల ప్రాంతమునుండి వచ్చిన జయప్రకాశ్ రెడ్డి నోట పలికిన సీమయాస వీనికొక బలమైనది. ఆ నటుని ప్రతిభను మెచ్చుకొనుచునే ఒక సంగతి గమనింపవలసియున్నది. పెక్కు చిత్రములయందు భయపెట్టువాని భాష సీమభాష. ప్రేమించువాని భాష శిష్టభాష. పల్లెలలో జేజి మనుమని లాలించు భాషయు, కూలితల్లి బిడ్డను పిలుచు భాషయు ఆ సీమభాషయే యనుట తెరమీద మరుగుపడినది.

స్త్రీపురుష భేదమును విచారించుటకు వీనిలో 2003 జనవరిలో వచ్చిన గుణశేఖర్ చిత్రము ‘ఒక్కడు’ ముఖ్యమైనది. కబడ్డీ ఆటకై హైదరాబాదునుండి కర్నూలుకు వచ్చిన అజయ్, ఓబుల్‌రెడ్డి బలాత్కారమునుండి స్వప్నను కొండారెడ్డి బురుజు నెదుట విడిపించి, హైదరాబాదునకు కొనిపోయి, తన తల్లిదండ్రులకు తెలియకుండ తన యింట దాచును. ఇచట గడప రెండుమార్లు కనబడును. కర్నూలున స్వప్న తన గడపను కోల్పోయినది; ఆమె అన్నలు హతులైరి. హైదరాబాదున పరుని గడపలోపల ఆమె దాగవలసివచ్చినది. ఆమె భయమును చిత్రము గంభీరముగానే చూపును, ఎవ్వరును నవ్వరు. కాని ఆ భయమును తీర్చు శక్తి ఆమెకు లేదు. కర్నూలు నడిబొడ్డున శతాబ్దములుగా నిలిచిన బురుజు సాక్షిగా ఒక పురుషుడు మరియొక పురుషుని కొట్టినప్పుడు ప్రేక్షకులు చేసిన హర్షధ్వానములు ఆ భయమునకు సమాధానములు. భయము స్త్రీది, ఉత్సాహము పురుషునిది యను భరతుని విభాగము ఇందు చెక్కుచెదరలేదు.

గడపలోపలి పురుషుడు

ఈ నేపథ్యమున ‘మర్యాద రామన్న’ను చూచినచో దాని సాహసము తెలియవచ్చును. రాము హైదరాబాదున పాత సైకిలుపై సరకులు మోసి బ్రతుకువాడు. ఆ జీవనము తప్పిపోగా, సీమలోని పిత్రార్జితమైన ఐదెకరముల భూమిని అమ్ముకొనుటకై బయలుదేరును. రైలులో అపర్ణతో పరిచయమగును. పాతకక్షను గూర్చి వాని కేమియు తెలియదు. రామినీడును, అతని కుమారులును తమ పగవాని కొడుకుకై యెదురుచూచుచుందురు. రాము తెలియక వారి యింటికే అతిథిగా పోవును. తమ గడపలోపల రక్తపాతము కూడదను నియమము ఆ యింటికి కలదు. గడప దాటినచో చావు, దాటకున్న బ్రతుకు. ఈ సంగతి తెలిసిన పిమ్మట ఏదో యొక నెపమున ఇంటిలోపలనే నిలిచిపోవుట రామునకు ఏకైక కార్యమగును.

ఈ కథకు మూలము 1923లో బస్టర్ కీటన్, జాన్ బ్లిస్టోన్ దర్శకత్వము వహించిన ‘అవర్ హాస్పిటాలిటీ’ యను మూకీచిత్రమున కలదు. అందు కథాకాలము 1830 ప్రాంతము. కక్ష అమెరికా దక్షిణదేశపు రెండు కుటుంబములది. ఆతిథ్యధర్మమును తప్పరాదను పట్టుదల అచటి యింటివారికిని ఇట్లే కలదు. అనుసరణమను మాటతో ఈ సంబంధమును త్రోసివేయుట విమర్శ కాదు. తొంబది యేండ్లకు పూర్వపు పరదేశపుకథ సీమలో ఇంత సహజముగా నాటుకొనుటకు కారణమేమని యడుగుటయే విమర్శ. అతిథిని గౌరవించుటయు, పగను మరువకుండుటయు రెండును వంశమర్యాదగా భావింపబడిన సమాజము రెండు చోట్లను ఉండుటయే ఆ కారణము. గడపకు పసుపు కుంకుమలు పెట్టి, ముంగిట ముగ్గు వేయు ఆచారముగల మనకు గడప కేవలము కొయ్యముక్క కాదు. అందుచేత కథయందలి నియమము కృత్రిమముగా తోచలేదు. ఈ చిత్రము 2011 మొదలు 2015 వరకు కన్నడ, వంగ, హిందీ, తమిళ, మలయాళ భాషలలో మరల నిర్మింపబడుటయు ఆ బీజబలమును తెలుపుచున్నది.

మన మూడు కొలతలను ఇచట అన్వయింతము. ‘సస్పెన్స్’లో గడపలోపల నున్నది స్త్రీ, ‘మర్యాద రామన్న’లో పురుషుడు. ఇల్లు వాని ఆశ్రయము. ఇల్లే వాని చెర. బయటికి పోవుటకు వీలులేక, గృహస్థుల ముఖకవళికలను నిమిషనిమిషము కనిపెట్టుచు, ఎవరికిని కోపము రాకుండ మెలగుచు, ఏదో పని కల్పించుకొని ఆ యింట తన యునికికి కారణమును చూపుకొనవలసిన దుస్థితి వానిది. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి ఈ స్థితి పరిచితమే. మన కథాసాహిత్యమున అత్తవారింటి భయముగా వర్ణింపబడిన దానినే ఈ చిత్రము ఒక పురుషునికి ఆరోపించినది. కీటన్ చిత్రమున నాయకుడు స్త్రీవేషము ధరించి ఆ యింటినుండి తప్పించుకొనును. అచట భావము వేషమున వ్యక్తమైనది. మన చిత్రమున అది ప్రవర్తనయందు వ్యక్తమైనది. ఇదియే సూక్ష్మతరమని నా యభిప్రాయము.

ఎరుక విషయమున కథనము మిక్కిలి నేర్పుగా నడచినది. కక్షావృత్తాంతమును ప్రేక్షకునికి ముందే చెప్పుటచేత రైలుప్రయాణపు సరసములయందును మనకు లోపల నొక గుబులుండును. పిమ్మట గృహస్థులకు తెలియును; ఆ మీదట రామునకు తెలియును. ఆకస్మికాశ్చర్యమునకును ఉత్కంఠకును గల భేదమును హిచ్‌కాక్ బల్లక్రింది బాంబు దృష్టాంతముతో వివరించియున్నాడు. బాంబున్నదని ప్రేక్షకునికి తెలిసి, బల్లవద్ద కూర్చున్నవారికి తెలియకున్న ఉత్కంఠ పుట్టును. ఈ చిత్రమున బాంబు రామినీడు మర్యాద. ఆ గృహస్థు ఎంత ఆదరముగా వడ్డించిన, ఎంత మెల్లగా పలికిన, అంతగా మనకు భయము పెరుగును. నాగినీడు అభినయమునందలి నిశ్చలత ఈ ప్రయోజనమును సాధించినది. కత్తి చూపక, కేక వేయక భయమును పుట్టించిన ఆ పాత్ర, కక్షాచిత్రముల యట్టహాసమునకు మంచి ప్రత్యుత్తరము.

నవ్వు అను అనుమతి

ఇంత సాహసమును ప్రేక్షకులెట్లు సహించిరి? హాస్యము మూలమున. నాయకపాత్రకు ఎన్నుకొనబడిన సునీల్ అంతకు పూర్వము హాస్యనటుడుగా సుప్రసిద్ధుడు. 2006లో ‘అందాల రాముడు’లో నాయకుడైనను ఆ ముద్ర తొలగలేదు. రాము సైకిలుచేత రవితేజ గొంతుతో మాటలాడించుటయు మనలను మొదటినుండి నవ్వునకు సిద్ధపరచును. ఒక ప్రసిద్ధ వీరనాయకుని కంఠము సైకిలుకును, భయము మనుష్యునికిని పంచబడుట గమనింపదగిన చమత్కారము. వీరమును కథలోనుండి తొలగించుటకు వీలుగాక, దానిని ఒక యంత్రమున దాచిరి.

భరతుడు భయహాస్యములకు ఏకాశ్రయమును చెప్పుటలోని సత్యమిచట తేటపడుచున్నది. అగ్రనాయకులలో నొకడు గడపలోపల వణకుచు గడిపినచో ప్రేక్షకులు సహింపరు, హాస్యనటుడైనచో సహింతురు. కావున ఇచట హాస్యము కేవలము అలంకారము గాదు; పురుషునికి భయపడుటకై లభించిన అనుమతిపత్రము.

స్త్రీల భయమును కూడ హాస్యముగా చూపిన చిత్రములు కలవుగదా యని ఆక్షేపింపవచ్చును. కలవు. 1991లో రామ్ గోపాల్ వర్మ తీసిన ‘క్షణ క్షణం’లో శ్రీదేవి ధరించిన సత్య పాత్ర అందులకు శ్రేష్ఠమైన ఉదాహరణము. ఐనను భేదమొకటి కలదు. స్త్రీభయమునకు రెండు ద్వారములును తెరచియున్నవి: గంభీరముగాను చూపవచ్చును, నవ్వుగాను చూపవచ్చును. పురుషభయమునకు ఒక్కటియే. రెండవ ద్వారము తట్టినవాడు నాయకపదవిని వదలుకొనవలెను.

‘మర్యాద రామన్న’ గొప్పతనము ఏమనగా, ఆ మూసిన ద్వారమును కొంత తెరచుట. నవ్వుచు నవ్వుచు నుండగనే వాని భయము మనకు నిజముగా తగులును. గడపవద్ద అడుగు ముందుకు వేయబోయి వెనుకకు తీసికొను వాని పాదమును చూచినప్పుడు నవ్వు గొంతులో నిలిచిపోవును. ఉత్తముల భయము కృతకమని భరతుడు చెప్పగా, ఇచట వాని నెపములు కృతకములు, భయము మాత్రము నిజము.

అపర్ణకు తెలియనిది

ఈ లాభమునకు ప్రతిగా నష్టమొకటి కలిగినది. ఆ యింట ప్రమాదమును గూర్చి చాలవరకు ఏమియు నెరుగనిది అపర్ణ యొక్కతెయే. తండ్రికి తెలియును, అన్నలకు తెలియును, అతిథికి తెలియును, ప్రేక్షకునికి తెలియును. ఆమె యింటి గడప మహిమ ఆమెకు తెలియదు. వెబర్ చిత్రమున ఇల్లాలికి దక్కిన ఎరుకయు చూపును ఇచట నాయికకు దక్కలేదు. తండ్రియు అన్నలును ఆమెనెదుట చిరునవ్వులు నవ్వుదురు. ఆమె తొలగినంతనే ముఖములు మారును. ఆ మార్పును చూచుచున్నది మనము, చూడనిది ఆమె.

ఇది కథనమున నున్న యవసరమని సమర్థింపవచ్చును. ఆమెకు ముందే తెలిసినచో కథ ముగియును గదా యందురు. ఈ సమాధానముతో నాకు తృప్తి లేదు. తెలిసిన స్త్రీ ఆ యింటనుండినచో కథ ముగియదు. వేరొక కథ మొదలగును. పగను గూర్చి తెలిసి, అతిథిని కాపాడవలెనని తలచి, తండ్రినెదిరింపలేక నలిగిపోవు స్త్రీ యొకతె గడపలోపల నున్నచో ఉత్కంఠ ఇనుమడించియుండెడిది. రాము భయమునకు జతగా, దానికంటె లోతైన భయమొకటి తెరమీదికి వచ్చియుండెడిది. పురుషునికి భయమును ప్రసాదించు తొందరలో ఈ చిత్రము స్త్రీకి దానిని నిరాకరించినది. రెండు భయములకు ఒకే గడపయందు చోటు లేదని భావించినది.

ఈ నిరాకరణము కథకు మాత్రమే సంబంధించినది కాదు. కర్నూలు, కడపజిల్లాల కక్షగ్రామములను గూర్చి విన్నవారికి తెలిసినదే: ఘర్షణ జరిగిన పిమ్మట పురుషులు ఊరు విడిచి పోవుటయు, కోర్టులకు తిరుగుటయు, ఇండ్లును పొలములును స్త్రీల చేతులమీదుగా నడచుటయు వాడుకగా నుండెడివి. ఎవరు వత్తురో యని తలుపు చప్పుడునకు చెవియొగ్గి రాత్రులు గడిపినవారు వారు. ఆ యెరుక వారిది. ఆ భయము వారిది. సీమకక్షలను గూర్చిన చిత్రములయందు ఏది లేకున్నను లేకపోవచ్చును గాని, ఈ యెరుక లేకుండుట గొప్ప లోటు. 2018లో త్రివిక్రమ్ తీసిన ‘అరవింద సమేత వీరరాఘవ’యందు నాయకుని జేజి నోటను, నాయిక నోటను పగకు విరుద్ధమైన మాటలు పలికించుట ఈ లోటును తీర్చుటకు చేసిన ప్రయత్నముగా ఎన్నదగును. పేరునందే నాయికను ముందుంచిన ఆ చిత్రమునందైనను, ఆ మాటలను కార్యరూపమున పెట్టు బాధ్యత పురుషునిదే.

ముగింపు ఘట్టమును గూర్చి ఒక మాట. కీటన్ చిత్రమున జలపాతమువద్ద నాయకుడు త్రాటికి వ్రేలాడుచు నాయికను రక్షించును. పిమ్మట ఇంటిపెద్ద గోడమీద కుట్టుపనిగా నున్న ధర్మవాక్యమును చూచి పగను విడుచును. సూదిదారములతో చేయబడిన ఒక చిన్నవస్తువు తుపాకులను దించినది. తెలుగు చిత్రమునందును నీరే తీర్పరి. నీటిపాలైన అపర్ణను కాపాడుటకై రాము తానును దూకును. ఆ సాహసముతో పగ చల్లారును. గడపలోపల భయపడుచుండినవాడు గడప వెలుపల వీరుడైనాడు. ప్రేక్షకుల కిది తృప్తికరము. కాని ప్రక్రియ తన పాత ఋణమును వసూలు చేసికొన్నదని విమర్శకుడు గుర్తింపవలెను. పురుషుడు భయమును కొంతకాలము ఎరవు తెచ్చుకొనెను, తుదకు తీర్చివేసెను. భయపడిన పురుషుడు భయపడినవాడుగానే యుండి, మాటచేతనో సహనముచేతనో పగను జయించు ముగింపు మన చిత్రములకు ఇంకను రావలసియే యున్నది.

ఉపసంహారము

ఇంతవరకు జరిగిన విచారణ వలన తేలినవి మూడంశములు. థ్రిల్లరు ప్రక్రియయందు గడప, ఎరుక, చూపు అనునవి భయమును పంచిపెట్టు సాధనములు. ఆ పంపకమున స్త్రీపురుష భేదము అంతర్గతముగా నున్నది. తెలుగు చిత్రములయందు ఈ పంపకము భరతుని విభాగమునకు ఆశ్చర్యకరముగా సన్నిహితమైనది. ‘మర్యాద రామన్న’ పురుషుని గడపలోపల నిలిపి ఆ విభాగమును కదల్చినది. నాయికకు ఎరుకను నిరాకరించుటచేతను, నాయకునికి తుదకు వీరమును కట్టబెట్టుటచేతను దానిని మరల స్థాపించినది. ఐనను మధ్యకాలమున తెరచిన ద్వారము తెరచినదే. దానినుండి ఒక పర్యాయము లోనికి చూచినవారికి కక్షాచిత్రముల వేటకొడవళ్లు మునుపటివలె గొప్పగా తోచవు.

పరిశోధకవిద్యార్థులకు ఒక సూచన. నేడు సీమ పట్టణములందు యువకులు, యువతులు చేతి ఫోనులతోనే పదినిమిషముల థ్రిల్లరులను తీయగలుగుచున్నారు. అట్టి చిత్రము కంటబడినప్పుడు దానియందలి సాంకేతికనైపుణ్యమును మెచ్చుటతో నిలువక, మూడు ప్రశ్నలను వేసి చూడుడు. గడపలోపల ఎవరున్నారు? ఎవరికి తెలియును? ఎవరి కన్నులతో చూచుచున్నాము? 1913లో ఒక స్త్రీ ఒక్క రీలులో వీనికి ఇచ్చిన సమాధానము నేటికిని మనకు కొలబద్దగా నుండుట, ఆమె ప్రతిభకు నిదర్శనము. మన యాలస్యమునకును నిదర్శనమే.